కంచెయు చేనును

ధనము నార్జించుట యొక విద్య. ఆర్జించినదానిని నిలుపుకొనుట వేఱొక విద్య. మొదటిదానికి మన బడులలోను కళాశాలలలోను పాఠములున్నవి. రెండవదానిని మనవారు కొంత తల్లిదండ్రులవలనను, కొంత లోకమువలనను, కొంత కోర్టు గుమ్మముల యొద్దను నేర్చుకొనుచున్నారు. నేఁడు తెలుగునాట పెక్కు కుటుంబములలో ఒక కొడుకో కూఁతురో అమెరికాలోనో, ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫు దేశములలోనో నివసించుచున్నారు. అట్టివారు సెలవులకు వచ్చినప్పుడు పూర్వము ఉద్యోగమును గూర్చియు, అచ్చటి చలిని గూర్చియు ముచ్చటించెడివారు. ఇప్పుడు ట్రస్టులను గూర్చియు, కంపెనీలను గూర్చియు, ఎవరి పేర ఏ ఆస్తి యుండవలెనను దానిని గూర్చియు ముచ్చటించుచున్నారు. "అనుభవము మనది కావలెను; పేరు మఱియొకరిది కావలెను; అప్పుడు మన సొమ్మును ఎవరును ముట్టలేరు" అను సూత్రము వారి నోట తఱచుగా వినవచ్చుచున్నది. ఈ సూత్రమందలి ధర్మాధర్మములను విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయమున లోకమున రెండు తీర్పులు వినఁబడును. "తప్పు చేయనివాఁడు దాఁచుకొనవలసిన పనియేమి? ఋజువర్తనుఁడు తన యాస్తిని తన పేరనే యుంచుకొని నిర్భయముగా నుండును" అనునది మొదటిది. "చట్టము నిషేధింపనిదెల్ల చేయఁదగినదే, అంతకు మించిన విచారము చాదస్తము" అనునది రెండవది. మొదటిది పెద్దలకు ప్రియమైనది; రెండవది పిన్నలకు ప్రియమైనది. రెండింటను సగము సత్యమున్నది. సగము సత్యము పూర్తి యసత్యముకంటె ఎక్కువకాలము మనలను భ్రమింపఁజేయును గనుక రెండింటిని పరీక్షించి చూడవలసియున్నది.

చేనికి కంచె వేసిన రైతును దొంగ యని ఎవరును అనరు. పసులకును బాటసారులకును అది హద్దు తెలుపును, పంటను కాపాడును. విదేశమున నివసించువానికి కంచె కావలసిన కారణములు నిజముగానే యున్నవి. అమెరికాలో వైద్యుఁడైన మనవాఁడు, చికిత్సలో తన లోపమేమియు లేకున్నను, రోగి బంధువులు వేసిన దావాలో సంవత్సరముల తరబడి చిక్కుకొనవచ్చును. మంచు కురిసిన దారిలో కారు జాఱి మఱియొకనికి గాయమైనచో, ఆ నష్టపరిహారము తన జీవితకాలపు కూడఁబెట్టుబడిని మ్రింగివేయవచ్చును. స్వగ్రామమున ఆపద వచ్చినచో అన్నదమ్ములు, మేనమామలు, ఇరుగుపొరుగువారు నలుగురును చేరుదురు. ఒకరు ధాన్యమిత్తురు, ఒకరు హామీ యుందురు, ఒకరు పిల్లలను తమ యింట నుంచుకొందురు. పరదేశమున ఆ నలుగురు లేరు. ఉమ్మడి కుటుంబము పూర్వము చేసిన పనినే యచ్చట బీమాయు, పింఛను నిధియు, కంపెనీయు, ట్రస్టును కొంతవఱకు చేయుచున్నవి. వానిని ఆశ్రయించుట భీరుత్వము కాదు, అధర్మమును కాదు. భార్యాబిడ్డలను ఆకస్మికమునకు అప్పగించి "నేను ఋజువర్తనుఁడను" అని కూర్చుండువాని ధైర్యము, ఆ ధైర్యమునకు మూల్యము చెల్లింపవలసిన వారి యనుమతి లేని ధైర్యము.

అంతేకాదు, న్యాయశాస్త్రము తానే కొన్ని కంచెలు వేసియున్నది. 1908లో ఏర్పడిన మన సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనును చూడుఁడు. డిక్రీ పొందిన ఋణదాత ఋణస్థుని యాస్తిని జప్తు చేయింపవచ్చును గాని, ఆ ఋణస్థుని యింటివారి కట్టుబట్టలను, వంటపాత్రలను, పడకలను, మతాచారమును బట్టి స్త్రీ తన శరీరమునుండి తీయరాని నగలను జప్తు చేయరాదు. చేతిపనివాని పనిముట్లును, సేద్యగాని వ్యవసాయపు సాధనములును అట్లే రక్షింపఁబడినవి. అప్పు ఎంత న్యాయమైనదైనను, దానికొఱకు ఒక కుటుంబము పొయ్యి ఆఱిపోరాదనుట దీని భావము. కావున కంచె యనునదే పాపమనువారు, ఈ దయాపూర్ణమైన నియమమునుగూడ పాపముగా నెంచవలసివచ్చును. ఇచ్చట మనము గమనింపవలసినది మఱియొకటి కలదు. చట్టము తానై వేసిన యీ కంచెకు కొలత బ్రదుకు గాని భాగ్యము గాదు. వంటపాత్ర లోపలనున్నది, వజ్రాల పెట్టె లోపల లేదు.

వ్యాపారమునకు సంబంధించిన కంచెయు ఇట్టిదే. పరిమిత బాధ్యత గల కంపెనీలకు ఇంగ్లండులో 1855లో చట్టము వచ్చినది. 1897లో సాలమన్ వ్యాజ్యమున ప్రభువుల సభ, కంపెనీ వేఱు, దానిని స్థాపించినవాఁడు వేఱు అని తీర్పు చెప్పెను. చెప్పులు బూట్లు చేసి యమ్ము సాలమన్ తన వ్యాపారమును తానే స్థాపించిన కంపెనీకి అమ్మెను. కంపెనీ మునిఁగినప్పుడు దాని యప్పులకు అతనిని వ్యక్తిగతముగా బాధ్యుని చేయరాదని సభ నిర్ణయించెను. ఇది యన్యాయమువలె తోఁచవచ్చును. కాని యిందొక రహస్యమున్నది; కాదు, రహస్యము లేకపోవుటయే యిందలి విశేషము. కంపెనీ పేరుచివర "లిమిటెడ్" అను మాట యుండితీరవలెను. ఆ మాట అప్పిచ్చువానికి ముందుగానే చేయు హెచ్చరిక. "నాయనా, ఈ కంపెనీకి ఇచ్చినది ఈ కంపెనీయొద్దనే వసూలు చేసికొనవలెను సుమా" అని బోర్డుమీఁద వ్రాసిన తరువాత, అప్పిచ్చువాఁడు తెలిసియే యిచ్చుచున్నాఁడు. కంచె పగటివేళ, అందఱు చూచుచుండఁగా, బేరమునకు ముందు వేయఁబడినది. అందువలననే అది ధర్మసమ్మతమైనది.

ఇంక రెండవ తీర్పును పరీక్షింతము. చట్టము అనుమతించినదెల్ల ధర్మమేయగునా? ట్రస్టు అనుదాని చరిత్రమే దీనికి సమాధానము చెప్పఁగలదు. మధ్యయుగముల ఇంగ్లండులో భూస్వామి దూరదేశమునకు యుద్ధయాత్ర పోవునప్పుడు తన భూమిని నమ్మకమైన మిత్రునకు అప్పగించి, "దీని ఫలసాయమును నా భార్యాబిడ్డలకు ఇమ్ము" అని కోరుట నుండి యీ యేర్పాటు పుట్టినదని ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. కథ ఎంతవఱకు చరిత్రమైనను, దాని యందలి భావము చక్కనిది. పేరు ఒకరిది, మేలు మఱియొకరిది, నడుమ నమ్మకము. మన ధర్మశాస్త్రకారులును నిక్షేపమును, అనఁగా నమ్మి దాఁచనిచ్చిన సొమ్మును, వ్యవహారపదములలో ఋణాదానమునకు వెంటనే చెప్పిరి. ఋణము, నిక్షేపము అను నీ రెండును ప్రక్కప్రక్కన నుండుట యాలోచింపఁదగినది. మనుష్యుఁడు మనుష్యుని నమ్మిన చోటనే న్యాయస్థానమునకు మొదటి పని కలుగును.

కాని ఇంగ్లండులో ఇదే యేర్పాటు ప్రభువునకు చెల్లింపవలసిన పన్నులను తప్పించుకొనుటకును, అప్పులవారిని ఏమార్చుటకును ఉపకరించినది. అందుచేతనే 1571లో ఎలిజబెత్తు రాణి కాలమున, ఋణదాతలను వంచించు నుద్దేశముతో చేసిన బదిలీలు చెల్లవని శాసనము చేయవలసివచ్చెను. ఆ శాసనముక్రింద 1601లో తీర్పు చెప్పఁబడిన ట్వైన్ వ్యాజ్యమును న్యాయశాస్త్ర విద్యార్థులు నేఁటికిని చదువుచున్నారు. పియర్సు అను నొకఁడు ట్వైనునకు 400 పౌనులును, మఱియొకనికి 200 పౌనులును అప్పుపడియుండెను. రెండవవాఁడు దావా వేసెను. దావా నడుచుచుండఁగా పియర్సు రహస్యముగా తన సొత్తంతయు ట్వైనునకు వ్రాసియిచ్చెను. వ్రాసియిచ్చెనే గాని సొత్తు తనయొద్దనే యుంచుకొనెను. కొన్నిటిని అమ్మెను. గొఱ్ఱెలకు ఉన్ని కత్తిరించెను. వానిపై తన గుఱుతునే వేసెను. న్యాయాధిపతులు దస్తావేజును చూడలేదు, గొఱ్ఱెలను చూచిరి. గొఱ్ఱె యొకనిది, ఉన్ని మఱియొకనిది యెట్లగునని యడిగి, ఆ బదిలీ కపటమని తేల్చిరి.

నాలుగు వందల యేండ్లకు పైఁబడిన యీ వ్యాజ్యమున మన ప్రశ్నకు కావలసిన సూత్రమున్నది. నిజముగా ఇచ్చివేసినదానిని చట్టము కాపాడును. ఇచ్చినట్లు నటించినదానిని కాపాడదు. ధర్మమును ఇంతే చెప్పుచున్నది. తన బిడ్డ చదువునకు ఒకఁడు లక్షరూపాయలు తీసి, మఱల తాను ముట్టకుండునట్లు ట్రస్టీల చేతిలో పెట్టినచో, ఆ లక్ష యిఁక వానిది కాదు; కావున వాని ఋణదాత కోరఁదగినదియు కాదు. అచ్చట రక్షణము త్యాగమునకు ఫలము. తాను త్యాగము చేయక త్యాగఫలమును మాత్రము కోరువాఁడు, గొఱ్ఱెను ఇచ్చి ఉన్నిని కత్తిరించుకొనువాఁడే. అమెరికాలో మనవారు విశేషముగా వ్రాయించు "రివోకబుల్ ట్రస్టు", అనఁగా వ్రాసినవాఁడు ఎప్పుడైనను రద్దు చేసికొనఁగల ట్రస్టు, వారసులకు కోర్టుల జాప్యమును తగ్గించునే కాని, వ్రాసినవాని ఋణదాతలనుండి యాస్తిని కాపాడదు. కారణము మనము చెప్పుకొన్నదే. ఎప్పుడైనను వెనుకకు తీసికొనఁగలిగినది ఇచ్చినది కాదు.

ఈ నటనకు నేఁటి కాలమున ద్వీపములును తోడైనవి. దక్షిణ పసిఫిక్ సముద్రమున కుక్ దీవులు అను చిన్న దేశమున్నది. 1984లో అది అంతర్జాతీయ ట్రస్టుల చట్టము నొకదానిని చేసి, పిమ్మట దానికి మఱింత పదును పెట్టినది. ఇతరదేశముల కోర్టుల తీర్పులను అచ్చటి ట్రస్టులమీఁద అమలుపఱుపరు. ఋణదాత యచ్చటికే పోయి మరల వాదింపవలెను. వంచనను సందేహమునకు తావులేకుండ నిరూపింపవలెను. అదియును స్వల్పమైన గడువులోపలనే. అమెరికాలో ప్రజలయొద్ద ధనము వసూలు చేసిన యొక పథకమును నడిపిన దంపతులు తమ సొమ్మును ఇట్టి ట్రస్టులో ఉంచిరి. ధనమును తిరిగి రప్పింపుఁడని కోర్టు ఆజ్ఞాపించెను. "మేమేమి చేయుదుము? మాపై నిర్బంధము కలిగినచో మమ్ము తొలఁగించి సొమ్మును పంపకుండవలెనని ట్రస్టు పత్రములోనే యున్నది, విదేశపు ట్రస్టీ వినుటలేదు" అని వారు బదులు చెప్పిరి. 1999లో అప్పీలు కోర్టు ఆ మాటను అంగీకరింపలేదు. ట్రస్టుమీఁద వారికి అధికారము మిగిలియేయున్నదని తేల్చి, ధిక్కారము క్రింద వారిని నిర్బంధించుటను సమర్థించెను. తమ చేతులను తామే కట్టుకొని, "చేతులు కట్టఁబడినవి గనుక చెల్లింపలేను" అనువాని వాదము ఎంత తెలివిగా వ్రాసినను తెల్లవారినంతనే వెలవెలఁబోవును.

మన దేశముననే జరిగిన వ్యాజ్యమొకటి యిచ్చట స్మరింపఁదగినది. విజయ్ మాల్యా నడిపిన విమానముల కంపెనీకి బ్యాంకులు వేలకోట్ల రూపాయలు అప్పిచ్చెను. 2016లో ఆయన లండను చేరెను. ఆ సంవత్సరమే యొక బ్రిటిషు మద్యము కంపెనీనుండి తనకు వచ్చిన 4 కోట్ల డాలర్లను ఆయన తన ముగ్గురు సంతానముయొక్క ట్రస్టులకు పంపెను. అప్పటికే బ్యాంకులు కోర్టులో నుండెను. ఆస్తులను కదల్పరాదను ఆజ్ఞలును ఉండెను. ఆస్తులను తెలుపక దాఁచుటయు, ఈ బదిలీయు కోర్టు ధిక్కారమని 2017లో మన సుప్రీంకోర్టు నిర్ణయించి, 2022లో నాలుగు నెలల కారాగారశిక్ష విధించి, ఆ ధనమును వడ్డీతో తిరిగి జమచేయవలెనని యాజ్ఞాపించెను. తండ్రి బిడ్డలకు ధనమిచ్చుట సహజము, పుణ్యము. అదే పని యెవరి సొమ్ముతో ఎప్పుడు చేయఁబడినదను దానిని బట్టి పుణ్యము నేరమగును. ఆ బ్యాంకులలోని ధనము ఆకాశమునుండి రాలినది కాదు. పింఛను డబ్బు దాఁచుకొన్న ఉపాధ్యాయునిదియు, కూఁతురి పెండ్లికి కూడఁబెట్టిన చిల్లర వర్తకునిదియు అందున్నది.

ఈ యుదాహరణములనుండి మూఁడు ప్రశ్నలు తేలుచున్నవి. కంచె యెప్పుడు వేసితివి? నిజముగా ఇచ్చితివా? వెలుతురులో చేసితివా? మన చట్టములును ఈ ప్రశ్నలనే యడుగుచున్నవి. 1882నాఁటి ఆస్తి బదిలీ చట్టము 53వ సెక్షను, ఋణదాతలను ఓడించుటకో జాప్యము చేయుటకో చేసిన స్థిరాస్తి బదిలీని వారు రద్దు చేయింపవచ్చునని చెప్పుచున్నది. అదే సంవత్సరమున వచ్చిన ట్రస్టుల చట్టము, ఉద్దేశము న్యాయవిరుద్ధమైనచో ట్రస్టే చెల్లదనుచున్నది. వీనికంటెను మన గృహస్థులు విశేషముగా తెలిసికొనఁదగినది 1874నాఁటి వివాహిత స్త్రీల యాస్తి చట్టము. పురుషుఁడు తన ప్రాణముమీఁద బీమా చేసి, అది తన భార్యాబిడ్డల మేలుకొఱకని పాలసీలోనే వ్రాయించినచో, ఆ సొమ్ము వారి ట్రస్టు ధనమగును; వాని యప్పులవారికి దానిపై హక్కు లేదు. హిందువులకు ఇది వర్తించునా యను సందేహమును మదరాసు రాజధానియందు 1913 చివరనుండి వ్రాసిన పాలసీల విషయమునను, తక్కిన ప్రాంతములందు 1923నుండి వ్రాసినవాని విషయమునను శాసనము తొలఁగించెను. పరదేశపు ద్వీపములకు పోనక్కఱలేకయే, సామాన్య గృహస్థునకు లభించు నిర్మలమైన కంచె యిది. దీనికిని ఒక కట్టుబాటున్నది. ఋణదాతలను వంచించుటకే చేసిన బీమా యైనచో వారు తమ బాకీని దానినుండి రాఁబట్టుకొనవచ్చును. విధవకు అన్నము పెట్టు చేయియే వంచకుని చేతిని పట్టుకొనుచున్నది.

ఇంతవఱకు పత్రమున్న ఋణదాతలను గూర్చి చెప్పుకొంటిమి. బ్యాంకునకు ప్రోనోటున్నది; ప్రభుత్వమునకు పన్నుల శాఖ యున్నది; గాయపడినవానికి న్యాయవాది యున్నాఁడు. పత్రము లేని ఋణదాతలు ఇద్దఱున్నారు: ఒకరు తల్లిదండ్రులు, ఒకరు భార్య. విదేశమున కంచె వేసికొనువాఁడు ఎక్కువగా మఱచునది వీరినే. ఒక్కొక్కప్పుడు కంచె వీరికొఱకే వేయఁబడును గూడ.

తండ్రి రెండెకరములు అమ్మి, తల్లి గాజులు తాకట్టు పెట్టి, కొడుకును విమాన మెక్కించిరనుకొందము. ఆ ధనమునకు రసీదు లేదు. కొడుకు సంపాదనలో వారికి పాలున్నదా? ఈ ప్రశ్న మన న్యాయశాస్త్రమునకు క్రొత్తది కాదు. పితృద్రవ్యమునకు హాని లేకుండ సంపాదించిన విద్యాధనము పంచుకొనవలసినది కాదని మితాక్షర చెప్పినది. కుటుంబధనముతో చదివినవాని మాటయేమి? 19వ శతాబ్దము చివర మదరాసు శాసనసభలో భాష్యం అయ్యంగారు విద్యాధనము ఆర్జించినవానిదే యగునట్లు బిల్లు తెచ్చిరి, గవర్నరు సమ్మతింపలేదు. 1921లో ప్రివీ కౌన్సిలు, కుటుంబవ్యయముతో ప్రత్యేకవిద్య నేర్చి సివిల్ సర్వీసున చేరినవాని యార్జనము కుటుంబమునకు చెందినదేయని తీర్పు చెప్పెను. ఆ తీర్పును త్రోసి 1930లో హిందూ విద్యాధన చట్టము వచ్చినది. విద్యకు వ్యయమిచ్చినది కుటుంబమే యైనను, ఆ విద్యచే ఆర్జించినది ఆర్జించినవాని సొంతమని యది నిర్ణయించెను. ఆ సంస్కరణము మంచిదే. ఒకని కష్టముమీఁద పదిమంది సోమరులు బ్రదుకు పద్ధతిని అది తొలఁగించినది. కాని చట్టము హక్కును తీసివేసినప్పుడు కృతజ్ఞతను తీసివేయలేదు. కోర్టులో అడుగలేని బాకీ బాకీ కాకపోదు. పైగా అడుగలేనివారి బాకీయే మొదట తీర్పవలసినది. ఏలయన, దానికి జామీను మన మనస్సాక్షి యొక్కటియే.

భార్య విషయము ఇంతకంటెను కఠినమైనది. భర్త పరదేశమున ఇల్లు కంపెనీ పేరను, ఇచ్చటి పొలము తమ్ముని పేరను, బ్యాంకు సొమ్ము తల్లి పేరను వ్రాయించును. "అప్పులవారి భయముచేత" అని భార్యకు చెప్పును. ఆమె నమ్మి చెప్పినచోటనెల్ల సంతకము చేయును. పదియేండ్ల పిదప ఆమెను పుట్టింటికి పంపివేసి, మనోవర్తి దావాలో "నాకు జీతము తప్ప ఏమియు లేదు" అని ప్రమాణము చేయును. ఆనాఁడు తెలియును, ఆ కంచె అప్పులవారికొఱకు వేసినది కాదని. విదేశమున వివాహమాడి విడువఁబడిన మన యాఁడుపడుచులు ఈ బాధను చక్కఁగ నెఱుఁగుదురు. మన పెద్దలు "కంచె చేను మేసినట్లు" అని యొక్క మాటలో చెప్పినది యిదియే. చట్టము ఆమెను పూర్తిగా విడిచిపెట్టలేదు. స్థిరాస్తి ఫలసాయమునుండి మనోవర్తి పొందు హక్కు కలవారుండఁగా ఆ యాస్తిని బదిలీ చేసినచో, పుచ్చుకొన్నవాఁడు ఆ సంగతి యెఱిఁగియుండినను, ఉచితముగా పుచ్చుకొనినను, ఆ హక్కును వానిపై చెల్లించుకొనవచ్చునని ఆస్తి బదిలీ చట్టము 39వ సెక్షను చెప్పుచున్నది. కాని రెండు దేశముల కోర్టుల నడుమ తిరుగుటకు ధనమును ఓపికయు కావలెను. ఆ రెండును లేకుండఁజేయుటయే అట్టి కంచెయొక్క ప్రయోజనము.

తమ్ముని పేర వ్రాయించుటయందు మఱియొక యపాయమున్నది. తన డబ్బుతో కొని మఱియొకరి పేర నుంచుట బినామీ వ్యవహారము. 1988నాఁటి చట్టమును 2016లో కఠినతరము చేసిరి. అట్టి యాస్తిని ప్రభుత్వము స్వాధీనపఱచుకొనవచ్చును. తెలిసిన ఆదాయముతో భార్య పేరనో బిడ్డల పేరనో కొనుట దీనికి మినహాయింపు. తోఁబుట్టువు విషయమున కొన్నవాని పేరును ఉమ్మడిగా నుండవలెను. చట్టమట్లుండఁగా ఇంటిలోని సంగతి చూడుఁడు. పేరు పెట్టించుకొన్న తమ్ముఁడు మంచివాఁడే కావచ్చును. అతని మరణానంతరము అతని బిడ్డలకు "ఇది మా పెదనాయనది" అని తెలియదు. అనృతముమీఁద కట్టిన కట్టడము సత్యసంధులైన సోదరులనుగూడ రెండవ తరమున శత్రువులను చేయును.

"అక్కడి కోర్టులలో ఋజువైన ప్రతి దావాయు న్యాయమైనది కాదు, దురాశాపరులైన దావాదారులును, వారిని ప్రోత్సహించు న్యాయవాదులును లేరా? అన్యాయపు దావానుండి తప్పించుకొనుట తప్పా?" అని యొకరు ప్రశ్నింపవచ్చును. ఇది కొట్టివేయఁదగిన ప్రశ్న కాదు. దీనికి నా సమాధానమిది. ఎవరును ఎదురుగా లేనప్పుడు వేసిన కంచెకు న్యాయపు దావా, అన్యాయపు దావా యను భేదము లేదు. అది భవిష్యత్తును గూర్చిన జాగ్రత్త. అట్టి జాగ్రత్తను బీమా రూపమున చేసినచో మఱియు మేలు. ఏలయన, బీమా మనలను కాపాడుటయే కాక గాయపడినవానికిని పరిహారమిచ్చును. ద్వీపముననున్న ట్రస్టు మనలను మాత్రము కాపాడి, గాయపడినవానిని వాకిట నిలువఁబెట్టును. ఇద్దఱిని కాపాడు మార్గముండఁగా ఒకరిని మాత్రము కాపాడు మార్గమును వెదకువాఁడు, తన భయమునకు కాక తన లోభమునకు కంచె వేయుచున్నాఁడు. ఇంక వ్యాజ్యము పుట్టిన తరువాత, అది యన్యాయమైనదని మనకు తోఁచినను, దానిని వాదించి గెలువవలెనే కాని సొమ్ము దాఁచి గెలువరాదు. తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతియైనవాఁడు ఓడిపోవుట యెన్నఁడును చూడము.

ఈ విచారము గ్రంథములకే పరిమితము కాకుండవలెనన్నచో మన గృహములలో కొన్ని అలవాట్లు మాఱవలెను. భార్యచే సంతకము చేయించు ప్రతి పత్రమును ఆమెకు చదివి వినిపింపవలెను. ఆమె చదువుకొన్నదైనచో చదువుటకు వ్యవధి నీయవలెను. నమ్మకము పేర చదువకుండ సంతకము చేయుట పాతివ్రత్యము కాదు; చేయించుట ప్రేమయు కాదు. తల్లిదండ్రులు చదువునకిచ్చిన ధనమును ఒక పుస్తకములో వ్రాసియుంచుట మోటుతనము కాదు. కొడుకు దానిని చూచి సంతోషించి, తీర్చి, గీత కొట్టఁగలుగుట కుటుంబమునకు గౌరవము. తల్లిదండ్రులును తమ యిల్లు బిడ్డలకు దానమిచ్చునప్పుడు, తమ్ము పోషింపవలెనను షరతును దస్తావేజులో వ్రాయించుకొనవలెను. అట్లు వ్రాసిన దానమును, పోషణ జరుగనిచో రద్దు చేయించుకొను హక్కు 2007నాఁటి వృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను ఇచ్చుచున్నది. అమెరికాలో స్థిరపడినవారు ఇచ్చటి తమ బ్యాంకు ఖాతాల మొత్తము సంవత్సరమున ఏ దినముననైనను 10,000 డాలర్లు దాఁటినచో అచ్చటి ప్రభుత్వమునకు తెలుపవలెను. దీనిని తప్పించుకొను దారులు చెప్పువారు పెక్కురు కలరు. తెలుపుట వలన నిద్ర పట్టునని చెప్పువారు తక్కువ. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ ఆస్తి యెవరి పేర, ఏ కారణమున నున్నదో ఇంటనున్న పెద్దవారందఱకును తెలిసియుండవలెను. ఇంటిలోనివారికే చెప్పఁదగని యేర్పాటు కోర్టులో చెప్పఁదగియుండునని యాశింపరాదు.

పరదేశమునకు పోవుట నేఁడు తప్పు కాదు. ధనము సంపాదించుట తప్పు కాదు. దానిని కాపాడుకొనుట తప్పు కాదు. కాని మనుష్యుఁడు సముద్రమును దాఁటినప్పుడు అతనితోఁగూడ అతని ఋణములును దాఁటును. పాస్‌పోర్టు మాఱినను అవి మాఱవు. మన పూర్వులు మనుష్యుఁడు పుట్టుకతోనే ఋణస్థుఁడనిరి. దేవతలకు, ఋషులకు, పితరులకు బాకీపడియే యతఁడు కన్ను తెఱచుననిరి. ఆ భాషను అక్షరశః నమ్మనివారును దాని భావమును కాదనలేరు. మన చదువు, మన యారోగ్యము, మన మాట, మనము దాఁచుకొనఁజూచు ధనము గూడ, ఇతరుల చేతులమీఁదుగానే మనకు వచ్చినవి. ఆ చేతులను వెలుపల నుంచి వేసిన కంచె యెంత యెత్తైనను అది చేనిని కాపాడదు. ఆ చేతులు వచ్చి పోవుటకు ఒక ద్వారము విడిచి, పగటివెలుఁగున, పదుగురు చూచుచుండఁగా వేసిన కంచె యెంత చిన్నదైనను పంట యింటికి చేరును.